25 టన్నుల లెక్క: జొరావర్ తేలికపాటి ట్యాంకుపై సంవాదం

వాది: జొరావర్ భారతదేశం ప్రయోగాత్మకంగా తయారు చేసిన తేలికపాటి యుద్ధ ట్యాంకు. చెన్నై దగ్గర ఆవడిలో ఉన్న డీఆర్‌డీఓ పరిశోధనశాల సీవీఆర్‌డీఈ, లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ కలిసి దీన్ని రూపొందించాయి. మొదటి నమూనా 2024 జూలై 6న గుజరాత్‌లోని హజీరా కర్మాగారంలో బయటి ప్రపంచానికి కనిపించింది. బరువు 25 టన్నులు. గన్ 105 మిల్లీమీటర్లది. ఇంజన్ 760 అశ్వశక్తి. సిబ్బంది ముగ్గురే; గుండ్లు నింపే పని యంత్రం చూసుకుంటుంది. 1834లో డోగ్రా సేనను లద్దాఖ్‌ మీదికి నడిపించి, 1841 చివర పశ్చిమ టిబెట్‌లో యుద్ధం చేస్తూ నేలకొరిగిన సేనాని జొరావర్ సింగ్ పేరు దీనికి పెట్టారు. ట్యాంకు ఎక్కడ పని చేయాలో ఆ పేరే చెబుతోంది.

దీని అవసరం 2020లో తేటతెల్లమైంది. ఆ ఏడాది తూర్పు లద్దాఖ్ ప్రతిష్టంభన కాలంలో చైనా సైన్యం టైప్-15 అనే తేలికపాటి ట్యాంకును రంగంలోకి తెచ్చింది. ఎత్తైన పీఠభూములను దృష్టిలో పెట్టుకొని చేసిన బండి అది. 33 నుంచి 36 టన్నుల బరువుకు 1,000 అశ్వశక్తి ఇంజన్ అమర్చారు. సిబ్బందికి ప్రాణవాయువు అందే ఏర్పాటు కూడా లోపలే ఉంది. దానికి ఎదురు నిలపడానికి భారత సైన్యం దగ్గర ఉన్నవి ప్రధానంగా పంజాబ్, రాజస్థాన్ మైదానాల కోసం సమకూర్చుకున్న టీ-72లు, టీ-90లు. ఒకటి 41 టన్నులు దాటుతుంది, రెండోది 46 దాటుతుంది. కొండల కోసమే తయారైన ట్యాంకు ఒక్కటీ లేదు. 2022 డిసెంబరులో రక్షణ కొనుగోళ్ల మండలి తేలికపాటి ట్యాంకుల ప్రతిపాదనను ఆమోదించింది ఆ లోటు పూడ్చడానికే. అనుకున్న సంఖ్య 354.

ప్రతివాది: 2020ని సాక్ష్యానికి పిలిస్తే ఆ ఏడాది జరిగినదంతా చెప్పుకోవాలి. జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది భారత సైనికులు ప్రాణాలు అర్పించారు. ఆ ఘర్షణ రాళ్లతో, ఇనుప కడ్డీలతో, మేకులు దిగగొట్టిన దుడ్డుకర్రలతో జరిగింది. తేలికదైనా బరువుదైనా ట్యాంకు దాన్ని ఆపగలిగేది కాదు. ట్యాంకులు నిజంగా లెక్కలోకి వచ్చింది ఆగస్టు 29, 30 తేదీల తర్వాత. పాంగాంగ్ సరస్సుకు దక్షిణాన కైలాస శ్రేణి శిఖరాలను భారత సైన్యం తన పట్టులోకి తెచ్చుకుంది. రెజాంగ్ లా, రేచిన్ లా ప్రాంతాల్లో, దాదాపు 5,000 మీటర్ల ఎత్తున, చైనా ట్యాంకులకు ఎదురుగా గన్ను ఎక్కుపెట్టి నిలబడినవి మైదానాల కోసం కొన్న ఆ బరువైన బండ్లే. 2021 ఫిబ్రవరిలో సరస్సు ఒడ్డుల నుంచి రెండు సైన్యాలూ వెనక్కి జరిగిన ఒప్పందంలో భారత్ బేరానికి బలం ఇచ్చింది ఆ శిఖరాల మీది పట్టే. ఇప్పటికే ఉన్న ట్యాంకు ఆ పని చేసి చూపించినప్పుడు, కొత్త రకం ట్యాంకు కావాలనేవారు దాని అవసరాన్ని ఇంకా గట్టిగా నిరూపించాలి.

వాది: ఎక్కాయి, అందులో సందేహం లేదు. ఏ స్థితిలో ఎక్కాయన్నదే చూడాలి. 4,200 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో 60 శాతమే. డీజిల్ మండటానికి గాలి కావాలి. టర్బోచార్జర్ ఆ కొరతను కొంత తీరుస్తుంది, మొత్తం తీర్చలేదు. చలి మైనస్ 30 డిగ్రీలకు దిగితే బ్యాటరీ నీరసిస్తుంది, నూనె చిక్కబడుతుంది, ఇంజన్ అంటుకోవడమే గగనమవుతుంది. మైదానంలోనే టీ-72కు టన్నుకు 19 అశ్వశక్తి, టీ-90కి 21 పైచిలుకు. పైకి వెళ్లాక అందులో ఎంత మిగులుతుందో దాంతోనే ఏటవాలు ఎక్కాలి, మెత్తటి ఇసుకలో మలుపు తిరగాలి. జొరావర్ టన్నుకు 30 అశ్వశక్తితో మొదలవుతుంది. ఎత్తుకు పోయి కొంత కోల్పోయినా, మిగిలే శక్తి టీ-72 మైదానంలో మొదలుపెట్టే స్థాయికి తగ్గకపోవచ్చు.

చేరవేత సంగతి మరొకటి. ప్రతిష్టంభన కాలంలో వాయుసేన తూర్పు లద్దాఖ్‌కు 68,000 మందికి పైగా సైనికులను, సుమారు 90 ట్యాంకులను, దాదాపు 330 బీఎంపీ పదాతి పోరాట వాహనాలను మోసుకుపోయింది. ఆ బీఎంపీలు సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారంలో తయారయ్యే బాపతు. వాటి బరువు 14 టన్నుల చిల్లర, కాబట్టే అన్ని వెళ్లగలిగాయి. సీ-17 విమానం టీ-90ని ఒక విడతకు ఒకదాన్నే తీసుకుపోగలదు. అదే విమానంలో, బరువు లెక్క ప్రకారం, రెండు జొరావర్లు పోతాయి. ఐఎల్-76కి టీ-72ను మోయడం దాదాపు గరిష్ఠ భారం. 25 టన్నులు దానికి సులువు. సరిహద్దులో మొదటి వారం కీలకమైనప్పుడు, ఎన్ని బండ్లు ఉన్నాయన్నదాని కంటే ఎన్ని అక్కడికి చేరాయన్నదే తేల్చేస్తుంది.

ప్రతివాది: శక్తి విషయంలో, విమానం విషయంలో చెప్పినదంతా ఒప్పుకోవలసిందే. మరి టీ-90తో పోలిస్తే ఆ 20 టన్నులు ఎక్కడ తగ్గాయి? ట్యాంకు బరువులో పెద్ద వాటా కవచానిది. 25 టన్నుల బండి మెషిన్‌గన్ తూటాలను, చిన్న ఫిరంగి గుండ్లను తట్టుకోవచ్చు. ఎదుటి ట్యాంకు గుండు తగిలితే తట్టుకోలేదు. ఎదుటివైపున్న టైప్-15 గన్ కూడా 105 మిల్లీమీటర్లదే, దాని కవచం మాత్రం 8 నుంచి 11 టన్నుల ఎక్కువ బరువున్న బండి మీద ఉంది. ఎవరు ముందు చూసి ముందు కాలిస్తే వారిదే గెలుపు అన్న పరిస్థితిలో ఒక పక్షానికి రెండో అవకాశం దొరుకుతుంది, రెండో పక్షానికి దొరకదు.

ఇది కొత్తగా పుట్టిన భయం కాదు. విమానంలో పట్టాలి, నీటిలో తేలాలి అన్న షరతులతో అమెరికా 1960లలో షెరిడాన్‌ను తయారు చేసింది. బరువు తగ్గించడానికి ఒంటికి అల్యూమినియం వాడారు. 1969లో వియత్నాం చేరిన కొద్దికాలానికే ఒక షెరిడాన్ మందుపాతర మీదికి ఎక్కింది; లోపలి గుండ్ల మందు అంటుకుని బండి మొత్తం పోయింది. ఉక్రెయిన్‌లో 2023 వేసవి దాడుల్లో ఫ్రాన్సు ఇచ్చిన ఏఎంఎక్స్-10ఆర్‌సీలు దిగాయి. చక్రాల మీద నడిచే బండ్లవి. గన్ 105 మిల్లీమీటర్లదే, వేగం ఎక్కువే. కవచం పల్చన. ముందువరుస దాడికి ఇవి పనికిరావని వాటిని నడిపిన ఉక్రెయిన్ అధికారే పత్రికలకు చెప్పాడు. 25 టన్నుల బండిలో కూర్చునే ముగ్గురి ప్రాణం గురించి ముందే ఆలోచించాలి.

వాది: కవచంతో నిలదొక్కుకునే యంత్రంగా దీన్ని ఎవరూ ఊహించలేదు. అదే ఉక్రెయిన్‌లో 40, 60 టన్నుల ట్యాంకులు కూడా పైనుంచి పడిన చిన్న డ్రోన్ దెబ్బకు వందల్లో కాలిపోయాయి. ముందు భాగాన గజం మందం ఉక్కు ఉన్నా, టరెట్ నెత్తి మీద పల్చని పలకే ఉంటుంది. కవచం మందమే ప్రాణాన్ని కాపాడుతుందన్న లెక్క అక్కడే చెదిరింది. దాగి ఉండటం, వేగంగా చోటు మారడం, దూరాన్నే పసిగట్టడం, వచ్చే క్షిపణిని దారిలోనే కూల్చే వ్యవస్థ ఉండటం, ఇప్పుడు వీటి విలువ పెరిగింది. పైగా షెరిడాన్ కథలో రెండో భాగం కూడా ఉంది. 1989లో పనామాలో విమానం నుంచి పారాచూట్లతో దింపింది దాన్నే. 1990లో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాక సౌదీ ఎడారిలో మొదట దిగిన అమెరికా ట్యాంకులు కూడా అవే. బరువైన ట్యాంకులు ఓడల్లో వచ్చేదాకా అక్కడున్న పదాతి దళానికి అండ అవే.

తేలిక ట్యాంకు విలువ భారత సైన్యానికి పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసినది కాదు. 1948 నవంబరు 1న జోజిలా కనుమలో ఏం జరిగిందో చూడాలి. ఎత్తు 3,500 మీటర్లు. కనుమను పట్టుకున్న శత్రువును పదాతి దళం ముఖాముఖి దాడులతో కదిలించలేకపోయింది. మేజర్ జనరల్ తిమ్మయ్య, 7వ లైట్ కావల్రీకి చెందిన స్టువర్ట్ ట్యాంకులను తెప్పించాలని నిర్ణయించాడు. జమ్ము నుంచి దారిలో ఉన్న వంతెనలు ఆగాలి, కదలిక బయటపడకూడదు. అందుకని టరెట్లు ఊడదీసి తరలించారు. మద్రాసు సాపర్లు బాల్తాల్ నుంచి కనుమ దాకా కంచర గాడిదల బాటను ట్యాంకు నడిచేలా వెడల్పు చేశారు. లెఫ్టినెంట్ కల్నల్ రాజిందర్ సింగ్ ముందు ట్యాంకులో ఉన్నాడు. మంచు కురుస్తుండగా ట్యాంకులు కనుమలోకి రావడం చూసి శత్రువు చెదిరిపోయాడు. లద్దాఖ్ దారి తెరుచుకుంది. ఆ స్టువర్ట్ బరువు 15 టన్నులు. ఆనాటి 30 టన్నుల షెర్మన్‌ను ఆ బాటలో ఎక్కించడం సాధ్యమయ్యేది కాదు.

1962 అక్టోబరులో ఏఎన్-12 విమానాలు చుషూల్‌కు మోసింది కూడా ఏఎంఎక్స్-13 తేలిక ట్యాంకులనే. 1971 నవంబరులో గరీబ్‌పూర్ దగ్గర 14 పీటీ-76లు పాకిస్తాన్ చేఫీ ట్యాంకుల దళాన్ని దాదాపు పూర్తిగా తుడిచిపెట్టాయి. నదులతో, బురద పొలాలతో నిండిన ఆ నేల మీద బరువు ట్యాంకుకు దారే ఉండేది కాదు.

ప్రతివాది: జోజిలా భారత సైనిక చరిత్రలో చిరస్థాయిగా నిలిచే ఘట్టం. అందుకే దాన్ని జాగ్రత్తగా చదవాలి. కనుమలో ఎదురుగా ట్యాంకు లేదు. ట్యాంకు వస్తుందని ఎవరూ ఊహించలేదు. గెలిపించిన వాటిలో ఆశ్చర్యం మొదటిది. నేడు లద్దాఖ్ మీదుగా ఉపగ్రహం రోజూ తిరుగుతుంది. డ్రోన్ గంటల తరబడి ఎగురుతుంది. టరెట్లు ఊడదీసి కప్పేస్తే దాగే రోజులు పోయాయి. గరీబ్‌పూర్‌లో ఎదురుగా నిలిచిన చేఫీలు కూడా తేలిక ట్యాంకులే, సమఉజ్జీలు. సమఉజ్జీ కాని చోట ఏమైందో 1965 చెబుతుంది. ఛంబ్‌లో 20 లాన్సర్స్ రెజిమెంటు నడిపిన ఏఎంఎక్స్-13లు పాకిస్తాన్ పాటన్ ట్యాంకులతో తలపడ్డాయి. ఆ సిబ్బంది పోరాటపటిమకు వంక పెట్టలేం. కానీ కవచం చాలని బండిలో కూర్చోబెట్టి వారిని అక్కడికి పంపినది మరో మార్గం లేకపోవడం వల్లే. ఆ తర్వాతి దశాబ్దాల్లో సైన్యమే తేలిక ట్యాంకులను ఒక్కొక్కటిగా వదిలించుకుంది. 1980లలో బీఎంపీ తరహా చాసిస్ మీద 105 మిల్లీమీటర్ల గన్ను బిగించి డీఆర్‌డీఓ ఒక నమూనా చేసింది కూడా. అది ప్రయోగం దగ్గరే ఆగిపోయింది.

వాది: ఆగిపోయినందుకే 2020లో చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆ నమూనాను ముందుకు తీసుకుపోయి ఉంటే 40 ఏళ్ల అనుభవం ఉండేది.

ప్రతివాది: ఉండేది, ఒప్పుకుంటాం. ఆ లోటును ఇప్పుడు తొందరతో పూడ్చవచ్చా అన్నది వేరే సంగతి. జొరావర్ నమూనా తయారీకి పట్టిన కాలం రెండు, రెండున్నర ఏళ్లు. ఇది గర్వించదగ్గ వేగమని అందరూ అంటున్నారు.

వాది: గర్వించదగ్గదే. అర్జున్ ట్యాంకుకు 1974లో అనుమతి వచ్చింది. 2004 దాకా సైన్యానికి చేరలేదు. ఈ తేడా కేవలం కష్టపడటంలో లేదు, పని మొదలుపెట్టిన తీరులో ఉంది. అర్జున్‌లో దాదాపు ప్రతిదీ ఒకేసారి కొత్తగా చేయాలనుకున్నారు. ఒకటి ఆలస్యమైతే మిగిలినవన్నీ దాని కోసం కాచుకున్నాయి. జొరావర్ దగ్గర బరువును ముందు ఖాయం చేశారు. హజీరాలోనే తయారవుతున్న కే-9 వజ్ర ఫిరంగి బండి చాసిస్‌ను వాడుకుందామన్న ఆలోచన మొదట నడిచింది. వజ్ర బరువు 47 టన్నులు. దాని ఒళ్లును ఎంత చెక్కినా ట్యాంకు 30 టన్నులు దాటేట్టు తేలింది. సైన్యం 25 దగ్గర పట్టుబట్టింది. దాంతో ఒళ్లును కొత్తగా గీశారు. సస్పెన్షన్, ట్రాకులు, లోపలి అమరిక ఆ బరువుకు తగ్గట్టు వచ్చాయి. టరెట్ మాత్రం బెల్జియంకు చెందిన జాన్ కాకెరిల్ సంస్థ 105 మిల్లీమీటర్ల గన్నుతో తయారు చేసి ఇతర దేశాల్లో వాడుకలో ఉంచినది. ఇంజన్ కమిన్స్‌ది, గేర్‌బాక్స్ ఎలిసన్‌ది. మూడూ అంతకుముందే నడిచి రుజువైనవి. ప్రయోగంలో ఏదైనా తప్పు వస్తే అది కొత్త ఒంటిలో ఉందా, అమరికలో ఉందా అని వెతికితే చాలు. ప్రయోగాత్మక వాహనాన్ని ఇలాగే చేయాలి.

ప్రతివాది: ఇందులో ఉన్న ఇంజనీరింగ్ వివేకాన్ని కాదనలేం. అయితే ఆ జాబితాను ఇంకోసారి చదవాలి. టరెట్ బెల్జియంది, ఇంజన్, గేర్‌బాక్స్ అమెరికావి. ట్యాంకు అంటే ప్రధానంగా ఆ మూడూ, వాటి చుట్టూ కవచం. మొదట అనుకున్న ఇంజన్ కమిన్స్ కూడా కాదు. జర్మనీ ఎంటీయూ సంస్థది, 800 అశ్వశక్తి. ఆ దేశం ఎగుమతి అనుమతి ఇవ్వడంలో జాప్యం చేసింది. అందుకే అమెరికా ఇంజన్‌కు మారారు. 40 అశ్వశక్తి తగ్గింది, ఇంజన్ గదిని మళ్లీ గీయవలసి వచ్చింది. ఒక దేశం సంతకం కోసం ఆగినవారు ఇంకో దేశం సంతకం మీద ఆధారపడటంతో సమస్య తీరలేదు, చిరునామా మారింది. యుద్ధం వచ్చినప్పుడు విడిభాగాల మీద ఎవరు ఆంక్ష పెడతారో ముందే ఎవరూ చెప్పలేరు. 2024 మార్చిలో మైసూరులో బీఈఎంఎల్ కర్మాగారంలో 1,500 అశ్వశక్తి స్వదేశీ ఇంజన్‌ను మొదటిసారి నడిపి చూశారు. అది పెద్ద ట్యాంకుల కోసం. 25 టన్నుల బండికి తగిన దేశీయ ఇంజన్‌ను ఈలోగా ఎవరు సిద్ధం చేస్తున్నారన్నదే అసలు బెంగ.

వాది: ఈ విమర్శలో పస ఉంది. ఇంజన్ దేశీయం అయ్యేదాకా ఈ ట్యాంకు పూర్తిగా మనదనడం కుదరదు. అయినా ఇంజన్ కోసం ట్యాంకును ఆపడమా, ట్యాంకు నడుస్తుండగా ఇంజన్ తయారు చేసుకోవడమా అని అడిగితే, రెండోదే సరైన వరుస. ఒంటికి ఇంజన్ మార్చడం సాధ్యమేనని ఎంటీయూ నుంచి కమిన్స్‌కు మారిన ఉదంతమే చూపించింది. ఆయుధాల వైపు కూడా దేశీయ సామర్థ్యం ఉంది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ నాగ్ క్షిపణిని ట్యాంకులను వేటాడటానికే రూపొందించింది. అలాంటి క్షిపణి తోడుంటే 105 మిల్లీమీటర్ల గన్ను చేరలేని దూరాన్ని, ఛేదించలేని కవచాన్ని చేరవచ్చు.

గన్ను సంగతి వచ్చింది కాబట్టి, కొండకు సంబంధించిన ఒక లక్షణాన్ని విడిచిపెట్టకూడదు. టీ-72 గన్ను సుమారు 14 డిగ్రీల వరకే పైకెత్తవచ్చు. లోయలో నిలబడి శిఖరం మీది బంకర్‌ను కొట్టాలంటే అది చాలదు; చాలా వెనక్కి జరిగి దూరం నుంచి కాల్చాలి. జొరావర్ మీది కాకెరిల్ టరెట్ రకం 40 డిగ్రీలకు పైగా ఎత్తగలదు. లద్దాఖ్ లోయల్లో ఇది కేవలం పట్టికలో అంకె కాదు, లక్ష్యం కనపడటానికీ కనపడకపోవడానికీ మధ్య తేడా.

ప్రతివాది: గన్ను ఎత్తు విషయంలో వాదన లేదు. అది ఈ బండికి నిజమైన బలం.

వాది: పరీక్షల్లోనూ బలం కనిపించింది. 2024 సెప్టెంబరులో ఎడారిలో మొదటి దశ నడిచింది. అదే ఏడాది డిసెంబరులో 4,200 మీటర్లకు మించిన ఎత్తున వేర్వేరు దూరాలకు గుండ్లు పేల్చి, గురి నిలకడగా ఉందని తేల్చారు. వాయుసేన విమానంలో ఎక్కించి తరలించడం కూడా జరిగింది. నమూనా బయటికి వచ్చిన ఆరు నెలల్లోపే ఇవన్నీ.

ఇంకొక విషయం చెప్పడానికి మనసు బరువెక్కుతుంది. 2024 జూన్ 28 రాత్రి, జొరావర్ బయటికి రావడానికి ఎనిమిది రోజుల ముందు, లద్దాఖ్‌లో షయోక్ నదిని దాటుతున్న టీ-72 ట్యాంకు చుట్టూ నీరు ఒక్కసారిగా పెరిగింది. అందులో ఉన్న ఐదుగురు సైనికులూ చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు; ప్రకాశం, బాపట్ల, కృష్ణా జిల్లాల ఇళ్లకు ఆ వార్త చేరింది. 41 టన్నుల బండి నీటి అడుగున మాత్రమే నడవగలదు. జొరావర్‌ను నీటిలో తేలే లక్షణంతో తలపెట్టారు. తేలే బండి నదిని దాటే తీరే వేరు.

ప్రతివాది: ఆ ఐదుగురి మరణాన్ని ఏ పక్షానికీ ఆయుధంగా వాడకూడదు. షయోక్ మంచు కరిగి పొంగే నది. రాళ్ల మధ్య వేగంగా పారుతుంది. నిలకడ నీటిలో తేలడం వేరు, అలాంటి ప్రవాహంలో తేలడం వేరు. పొంగు మీద తేలే తేలిక బండిని నది బరువు బండి కంటే సులువుగా పక్కకు లాక్కుపోవచ్చు. అక్కడ కావలసింది పొంగు రాకను ముందే చెప్పే వ్యవస్థ, దాటే చోట్ల వంతెనలు. ఆ దిశలో పని జరుగుతోంది కూడా. 2019లో షయోక్ మీద ప్రారంభించిన కల్నల్ చెవాంగ్ రించెన్ వంతెన 70 టన్నుల తరగతి భారాన్ని మోస్తుంది. జోజిలా కింద సుమారు 13 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు; పని చేస్తున్నది హైదరాబాద్ సంస్థే. అది పూర్తయితే బరువు ట్యాంకు ఏడాది పొడవునా రోడ్డు మీద ట్రెయిలర్‌లో లద్దాఖ్ చేరుతుంది. విమానంలో పట్టాలన్న షరతు పదేళ్ల తర్వాత ఇంత కీలకంగా ఉంటుందా? ఆ షరతు కోసం కవచాన్ని మాత్రం శాశ్వతంగా వదులుకున్నాం.

ప్రయోగ దశలో షరతులు కదలడం ఎంత ప్రమాదమో అమెరికా అనుభవం చెబుతుంది. 1950లలో అది టీ-92 అనే ప్రయోగాత్మక తేలిక ట్యాంకును చేసింది. ఎత్తు చాలా తక్కువ, బరువు 20 టన్నుల లోపు, అమరిక తెలివైనది. సోవియట్ల పీటీ-76 నీటిలో ఈదుతుందని తెలిశాక, ఈదలేని టీ-92 మీద ఆసక్తి పోయి దాన్ని పక్కన పెట్టారు. 70 ఏళ్ల తర్వాత ఎం-10 బుకర్‌ది ఉల్టా కథ. పదాతి దళానికి తోడుగా తేలిక బండి కావాలని మొదలుపెట్టారు. తీరా చేతికొచ్చేసరికి అది దాదాపు 38 టన్నులకు చేరింది. ఉత్పత్తి మొదలై, బండ్లు దళాల చేతికి వెళ్లడం కూడా మొదలయ్యాక, 2025 జూన్‌లో దాన్ని ఆపేశారు.

వాది: బుకర్ కథ ఈ పక్షానికే సాక్ష్యం. బరువును అదుపులో పెట్టలేకపోవడమే దాని పాపం. అర్జున్‌ది కూడా అదే వ్యాధి: 40 టన్నుల తరగతిలో మొదలై 58 దాటింది, కొత్త రూపంలో 68కి చేరింది. అందుకే 25 దగ్గర గట్టిగా గీత గీయడం సరైనది. అర టన్ను, అర టన్నుగా సడలిస్తూ పోతే ఏ గీతా నిలవదు. సొరంగం విషయానికొస్తే, సొరంగం యుద్ధంలో మొదట గురిపెట్టే లక్ష్యాల్లో ఒకటి. లద్దాఖ్ చేరాక కూడా వంతెన లేని పక్కలోయల్లోకి, గుట్టల వెనక్కి పోవలసింది ట్యాంకే. సిక్కింలో, అరుణాచల్‌లో రోడ్లు ఇంకా ఇరుకు. పదేళ్ల తర్వాతి రోడ్డును నమ్ముకుని ఈ పదేళ్ల కాపలాను వదిలేయలేం.

ప్రతివాది: ఈ పదేళ్ల కాపలాకు టీ-72లు ఇప్పటికే అక్కడ ఉన్నాయి కదా. సరే, తేలిక బండి కావాలన్న మాట ఒప్పుకున్నా, 25 అన్న అంకె మీద పట్టు ఎందుకన్నది మిగిలే ఉంటుంది. చైనా ఇదే పీఠభూమిని చూసి 33 దగ్గర ఆగింది, అవసరమైతే అదనపు కవచంతో 36కి పోతోంది. సీ-17లో 30 టన్నుల బండ్లు రెండైనా బరువు పరిమితి లోపలే ఉంటాయి. ఐదు టన్నుల కవచం ముగ్గురి ప్రాణాలకు ఎంత విలువైనదో లెక్క వేశారా? పత్రికల్లో వచ్చిన ప్రకారం 354లో 59 మాత్రమే డీఆర్‌డీఓ రూపకల్పనకు నేరుగా దక్కేవి. మిగిలిన 295కు పోటీ ఉంటుంది. ఆ పోటీలో బరువు గీతను కొంచెం జరిపి, వచ్చే బండ్లను జొరావర్‌తో పక్కపక్కన నిలిపి చూడటంలో నష్టమేముంది?

వాది: నష్టం ఉంది. 760 అశ్వశక్తిని 30 టన్నులకు పంచితే టన్నుకు 25 దగ్గర ఆగుతుంది. మొదట చెప్పుకున్న ఎత్తు లాభం సగం కరుగుతుంది. నీటిలో తేలే ఆశ పూర్తిగా పోతుంది. పెద్ద ఇంజన్ పెడితే దానికి పెద్ద రేడియేటరు, పెద్ద ఇంధన తొట్టి, వాటిని కప్పే పెద్ద ఒళ్లు కావాలి; బరువు 33కు చేరేది ఆ దారిలోనే. మధ్యేమార్గం ఒకటుంది. కవచాన్ని పలకలుగా విడదీసి ఉంచవచ్చు. విమానంలో 25 టన్నుల బండి పోతుంది. అక్కడ నిలిచి పోరాడవలసి వచ్చినచోట పలకలు బిగిస్తారు. టైప్-15 చేస్తున్నది కూడా ఇదే.

ప్రతివాది: ఆ మార్గానికి ఈ పక్షం అడ్డు చెప్పదు, ఒక షరతు మీద. పలకలు తర్వాత ఎప్పుడో బిగిస్తామంటే సస్పెన్షన్ ఆనాడు మొరాయిస్తుంది. సైన్యం చేసే పరీక్షల్లోనే నాలుగైదు టన్నుల అదనపు భారం వేసి, తూర్పు లద్దాఖ్‌లోని న్యోమా ఎత్తున, నడిశీతాకాలంలో, రాత్రంతా బయట నిలిపిన బండిని తెల్లవారి స్టార్టు చేసి ఏటవాలు ఎక్కించాలి. 760 అశ్వశక్తి దానికి చాలుతుందా, ట్రాకులు, టార్షన్ బార్లు ఎన్ని వందల కిలోమీటర్లు ఓర్చుకుంటాయి, ఇంజన్ ఎంత వేడెక్కుతుంది అన్నవి అంకెలతో తేలాలి.

వాది: అలాంటి పరీక్ష న్యాయమైనదే. అయితే 25 టన్నుల బండిగా దాన్ని ముందు పూర్తిగా పరీక్షించాలి. ఒక చలికాలం, ఒక వేసవి ఆ బరువుతోనే గడవాలి. 30 టన్నుల భారంతో తడబడిందన్న ఒక్క కారణంతో, 25 టన్నుల దగ్గర దాని పని అది చేయగల బండిని తిరస్కరించకూడదు.

ప్రతివాది: తిరస్కరించమని అడగడం లేదు. భారం వేసినప్పుడు వచ్చిన అంకెలను, వేయనప్పుడు వచ్చిన వాటి పక్కనే, 59కి ఆర్డరు ఇచ్చే ముందే సైన్యం బల్ల మీద పెట్టమంటున్నాం. ఉత్పత్తి మొదలయ్యాక ఒంటిని మార్చడం ఎంత కష్టమో బుకర్ విషయంలో చూశాం.

వాది: ముందే పెడితే ఒక చలికాలం ఆలస్యమవుతుంది. 2027 నాటికి సైన్యానికి అందవచ్చని డీఆర్‌డీఓ అధిపతి చెప్పిన గడువు జరుగుతుంది. ఆ చలికాలంలో కూడా తూర్పు లద్దాఖ్‌లో ఎదురుబొదురుగా సైన్యాలు ఉంటాయి.

ప్రతివాది: ఉంటాయి. టీ-72లు కూడా ఉంటాయి. ఒక చలికాలం ఆగడానికి అవి ఆసరా ఇస్తాయి.